ఏటి నడుమ దిమ్మ

ఏటి మీది చప్టా కొట్టుకుపోయిన రోజున రూబీ ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా సర్దుకుంది. సంచి భుజానికి తగిలించుకుని, గొడుగు పట్టుకుని, రేవుపేట గట్టు మీదికి వచ్చి నిలబడింది. ఆమె చదువు చెప్పే స్కూలు ఏటికి అవతల నేరేడువలసలో ఉంది. ఆ రోజు స్కూలు ఉండదని ఆమెకు తెలుసు. తుపాను వాన తెల్లవారేసరికి తెరిపిచ్చింది గాని ఏరు ఇంకా ఎక్కుతూనే ఉంది.

ఈ గట్టు మీద రేవుపేట, ఆ గట్టు మీద నేరేడువలస. రెండు గట్లూ జనంతో నిండాయి. ఈ గట్టు మాట ఆ గట్టుకి ఏటి మోతలో వినపడదు. ఎర్రటి నీళ్ళలో ముందు అవతలి కొస విరిగింది. తరవాత ఇవతలిది. నడుమనున్న దిమ్మ ఒక్కటీ కాసేపు ఆగింది.

అది నడుమెత్తు సిమెంటు దిమ్మ. ఎడ్లబళ్ళు ఎదురుపడితే తప్పుకోడానికని చప్టాని అక్కడ కాస్త వెడల్పు చేసి, అంచున ఆ దిమ్మ కట్టారు. నెత్తి మీద బరువుతో వచ్చినవాళ్ళు వంగకుండా గంప దించుకుని, ఊపిరి తీసుకుని, ఎదుటి ఊరివాళ్ళ చేత మళ్ళీ ఎత్తించుకునేవారు. రూబీ భర్త బెన్హర్ పోస్టుమేను. రెండూళ్ళకీ ఉత్తరాలు పంచడం అయ్యాక ఎగువ వైపు అంచున, దిమ్మకి సైకిలు ఆనించి కూర్చునేవాడు. స్కూలు వదిలాక రూబీ అక్కడిదాకా వస్తే, లేచి ఆమె సంచి అందుకుని సైకిలు కేరేజి మీద పెట్టేవాడు. మిగిలిన సగం దారి ఇద్దరూ నడిచేవారు. గడిచిన ఏడాది అతను పోయాక కూడా రూబీ అక్కడ ఆగడం మానలేదు. సంచి దించేది. కాసేపటికి తనే మళ్ళీ తగిలించుకునేది.

దిమ్మ ఒక పక్కకి ఒరిగింది. పశువు మోకాళ్ళ మీద కూలబడినట్టు కూలబడి, నీళ్ళలోకి పోయింది.

"ఎలిపోనాది" అన్నాడు పక్కనున్న గంగులు.

రూబీ తల ఊపింది. ఇంటికి వచ్చి, మధ్యాహ్నం గంటకి స్కూల్లో తిన్నట్టే టిఫిన్ డబ్బా తెరుచుకుని తింది. డబ్బా కడిగి బోర్లించింది.

ఫిబ్రవరి నెలాఖరుకి ఏరు మోకాలి లోతుకి వచ్చేసింది. ఒక గురువారం పొద్దున్న రూబీ చెప్పులు ఒక చేత్తో, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని ఏరు దాటి వచ్చేసరికి, స్కూలు వరండా గోడకి ఒక అమ్మాయి పెద్దపెద్ద బొమ్మలు అంటిస్తోంది. పేరు సుహాసిని. వంతెనల ఇంజనీరు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదని ఆమె జీపు డ్రైవరే ఊరంతా చెప్పేశాడు.

పని సులువే. చప్టా ఉన్నచోట వంతెన కట్టబోతున్నారు. మూడు నమూనాలు గీశారు. రెండూళ్ళ జనం ఏది కోరుకుంటే అది. ఆదివారం నాటికి తేలిపోవాలి. నేరేడువలసలో టీకాలు వేసినా, ఓట్లు వేసినా స్కూల్లోనే కాబట్టి ఇదీ స్కూల్లోనే. జరిపించవలసింది టీచరు.

మధ్యాహ్నానికి వరండా నిండిపోయింది. మొదటి బొమ్మ సాదా వంతెన. స్తంభాల మీద బల్ల పరిచినట్టుంది. రెండోదానికి కింద కమానులు. మూడోదానికి పైన ఇంద్రధనుస్సులాంటి విల్లు, దానికి రంగు లైట్లు. దాని ముందు ప్రెసిడెంటు ధనరాజు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడిపోయాడు.

"ఇదీ! ఇదీ వంతెనంటే" అన్నాడు. "సీకటడితే ధగధగలాడిపోతాది. నరసన్నపేట నుంచి జనం ఫొటోలకొస్తారు."

"ఒచ్చి ఏటి సేస్తారు?" అంది దాలమ్మ. ఆవిడ నేరేడువలస నుంచి రోజూ కూరగాయల గంప నెత్తినెట్టుకుని ఏరు దాటి, రేవుపేటలో బేరం చేసుకుంటుంది. రూబీ ఆవిడని అక్క వరసచేసి 'అప్పా' అని పిలుస్తుంది.

"ఫొటోలు తీసుకుంతారు."

"తీసుకోని?"

"తీసుకోని ఎలిపోతారు. నీకెందుకే?"

దాలమ్మ ముక్కు మొదటి బొమ్మకి తగిలేంత దగ్గరికి వెళ్ళింది. బొమ్మలో వంతెన మీద చిన్నచిన్న మనుషులున్నారు. "ఈడేటి, కుక్కకి తాడు కట్టి ఈడ్సుకెల్తన్నాడు?"

"వాకింగండీ" అంది సుహాసిని.

"కుక్కకా, ఈడికా?"

వరండా అంతా నవ్వింది. సుహాసిని కూడా నవ్వింది. దాలమ్మ మాత్రం నవ్వలేదు. ఒక్కొక్క మనిషి మీదా వేలు పెట్టి చూస్తోంది. గొడుగు పట్టుకున్న అమ్మాయి. పరుగెత్తుతున్న కుర్రాడు. బెలూను పట్టుకున్న పిల్ల.

"అందరూ ఉత్తి సేతుల్తోటే ఎల్తన్నారు. ఒక్కడి నెత్తి మీదా ఏటీ నేదు. ఏ ఊరోల్లమ్మా ఈల్లు?"

సుహాసిని కూడా వంగి ఆ మనుషుల్ని చూసింది. "కంప్యూటర్లో అలాంటి మనుషులే దొరుకుతారండీ" అంది.

"మరి నా గంప పడతాదా ఆ కాలిబాట మీద? ఎదర మా మరిది గడ్డిమోపుతో వస్తే?"

"నానెందుకొస్తాను నీ ఎదర?" అన్నాడు గంగులు. రేవుపేట నుంచి బొమ్మలు చూడ్డానికే వచ్చాడు. దాలమ్మ చెల్లెల్ని చేసుకున్నాడు. "నిన్ను దూరాన్నుంచి సూస్తేనే గట్టెక్కెస్తాను."

"ఒరే, మోపు కింద నీ మొకం నీకే కనబడదు. నన్నేటి సూస్తావు?"

ఇంటికొక జీడిపిక్క, మూడు కుండలు, నచ్చిన కుండలో వెయ్యడం అని ప్రెసిడెంటు పద్ధతి చెప్పాడు. ఇంటికొకటంటే ఎవరి చేతికి అని దాలమ్మ అడిగింది. ఇంటి యజమాని చేతికి అన్నాడు. దాలమ్మ వరండా మెట్టు మీద కూర్చుంది.

"మా ఇంటాయన ఇల్లు కదిలి ఏరు దాటి రెండేల్లయినాది. ఆయన ఎంచుతాడా నాను మొయ్యడానికి?"

ప్రెసిడెంటు టీచరు వైపు చూశాడు. ఊళ్ళో చిక్కు వచ్చినప్పుడు అందరూ చూసేది అటే. రూబీ సుద్దముక్క చేతిలో ఒకసారి తిప్పింది.

"దాటే మనిషికి ఒక పిక్క ఇద్దాం" అంది.

అది అంతటితో తేలిపోయింది. ఆడవాళ్ళు లేచి కొంగులు దులుపుకున్నారు. ప్రెసిడెంటు పిక్కలు ఎక్కువ కావాలని లెక్క వేసుకుంటూ పోయాడు.

అందరూ వెళ్ళాక సుహాసిని అడిగింది. "మీకేది నచ్చింది మేడమ్?"

"జరిపించేదాన్ని నేను. నా ఇష్టం చెప్పకూడదు."

"నాతో చెప్పండి, పర్లేదు."

రూబీ మొదటి బొమ్మ దగ్గరికి వెళ్ళింది. ఈ కొస నుంచి వేలు జరుపుకుంటూ వంతెన సగానికి వచ్చి ఆపింది. అక్కడ ఏమీ లేదు. కాలిబాట, కమ్మీలు, మళ్ళీ కాలిబాట. మూడింటిలోనూ అంతే. 'ఇక్కడ కూర్చోడానికి కొంచెం చోటు' అన్న మాట నోటిదాకా వచ్చింది. అది తన ఒక్కదాని కోరిక. ఒక మనిషి కూర్చున్న చోటు పోయిందని రెండూళ్ళ వంతెనకి అరుగు కట్టమని ఎలా అడగడం? టీచరు అడిగిందంటే ఎవరూ కాదనరు. అందుకే అడగకూడదు.

"మూడూ బాగానే ఉన్నాయి" అంది. వేలు తీసేసింది.

సంచి తగిలించుకుంటూ ఉండగా సుహాసిని అంది, "ఆవిడ గంప సంగతి నాకు బుర్రలో తిరుగుతోంది మేడమ్. పై ఆకారాలు వేరుగాని మూడింటికీ వెడల్పు ఒకటే. అసలు కొలతలతో మీ గ్రౌండులో గీసి చూపిస్తే? గంపలూ మోపులూ తెచ్చుకుని నడిచి చూస్తారు."

రూబీ ఆ అమ్మాయి ముఖం వైపు మొదటిసారి పూర్తిగా చూసింది. "శనివారం ఒంటిపూట" అంది. "ఆ తరవాత గ్రౌండు ఖాళీయే."

శనివారం సుహాసిని సున్నం బస్తాతో, టేపుతో దిగింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని దాలమ్మ ఎదురొచ్చింది. వెనకాల నేరేడువలస ఆడవాళ్ళు ముగ్గు డబ్బాలతో ఉన్నారు.

"నువ్వు గియ్యకమ్మా. టేపు నువ్వు పట్టు. పిండి మేం ఏస్తాం."

సుహాసిని టేపు పట్టి మేకులు పాతింది. తాడు కట్టింది. ఆడవాళ్ళు నడుములు వంచి, వేళ్ళ సందుల్లోంచి ముగ్గు వదులుతూ వెనక్కి నడిచారు. రోడ్డుకి రెండు గీతలు, అటూ ఇటూ కాలిబాటలకి రెండు గీతలు. పొడవుకి గ్రౌండు చాలదు; ఏరు వెడల్పు సగమే అనుకోమన్నారు. తాడు తీశాక చూస్తే గీతలు తాడు కన్నా తిన్నగా ఉన్నాయి. తీరా నాలుగు మూలలా తామరపువ్వులు వచ్చి చేరాయి.

"ఇవి డిజైన్లో లేవండీ" అంది సుహాసిని.

"ఉత్తి గీతలేటి బాగుంతాయి? ఉండనీ."

రేవుపేట ఆడవాళ్ళు ఏరు దాటి వచ్చి చూశారు. చర్చిలో పాటల ప్రాక్టీసు ముగించుకుని వెంకటలక్ష్మి వాళ్ళూ వచ్చారు. ముగ్గంతా నేరేడువలస వాళ్ళే వేసేశారని వాళ్ళకి పౌరుషం వచ్చింది. డబ్బాలు లాక్కుని వంతెనకి రెండు పక్కలా నీళ్ళు వేశారు. నీళ్ళలో చేపలు. ఒకావిడ పీత వేసింది.

"ఏరన్నాక పీతలుండవా?" అంది ఎవరూ అడక్కుండానే.

గ్రౌండు చుట్టూ జనం మూగారు. గీత దాటి చేపల మీద కాలు పెట్టినవాణ్ణల్లా చూసి "మునిగిపోనాడు, మునిగిపోనాడు" అని కేకలు. ప్రెసిడెంటు వంతెన కొలవడానికి వచ్చి రెండుసార్లు మునిగాడు. నేరేడువలస వాళ్ళు ఈ కొసన, రేవుపేట వాళ్ళు ఆ కొసన నిలబడాలని రూబీ ఏర్పాటు చేసింది. గంపలున్నాయి, బిందెలున్నాయి, గంగులు నెత్తి మీద గడ్డిమోపు ఉంది. చర్చివాళ్ళు హార్మోనియం పెట్టె మోసుకొచ్చారు. త్రినాథ్ ఆటో తెచ్చాడు. వీళ్ళెవరికీ తీసిపోనని ఒక రైతు రెండెడ్ల బండి తోలుకొచ్చాడు. ఎద్దులు తామరపువ్వు దగ్గర ఆగి, వాసన చూసి, తొక్కకుండా పక్కనుంచి ఎక్కాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

"రెడీయేనా?" అని కేకేసింది సుహాసిని. "ఎక్కడా ఆగొద్దు. మామూలుగా ఎలా నడుస్తారో అలా నడవండి. గుద్దుకుంటే నాకు చెప్పండి."

రూబీ ఈల ఊదింది.

రెండు కొసల నుంచీ జనం కదిలారు. మొదట్లో ఒకళ్ళనొకళ్ళు చూసుకుని సిగ్గుపడుతూ నవ్వారు. నాలుగు అడుగులు పడేసరికి నవ్వు పోయి, మోత పని చేసేవాళ్ళ నడక వచ్చేసింది. మెడలు నిటారుగా, చూపు దూరంగా. దాలమ్మ గంప కదలకుండా వస్తోంది. ఎదర్నుంచి గంగులు మోపు వస్తోంది, కింద గంగులు కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. సుహాసిని పక్కనే నడుస్తూ, కాలిబాట వెడల్పుకీ మోపు వెడల్పుకీ మధ్య ఎంత ఉందో చూసుకుంటోంది. ఇద్దరూ ఎదురుపడే చోటికి ముందుగా పోయి నిలబడింది.

దాలమ్మ ఆగింది. గంగులూ ఆగాడు.

దాలమ్మ గంప దించింది. ఆవిడ పక్కనున్న బిందెల మనిషి బిందెలు దించింది. గంగులు మోపు నిలువునా దించి దానికి వీపు ఆనించాడు. హార్మోనియం నేల మీదికి వచ్చింది. వెనక నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆగి, దించి, నడుం మీద చేతులు పెట్టుకున్నారు. ఎడ్లబండాయన తాళ్ళు సడలించాడు. చూస్తూ ఉండగా వంతెన నడుమ రెండూళ్ళూ గుమిగూడిపోయాయి.

"ఏటొదినా, గంప బరువుగా ఉన్నాది? వంకాయలా?"

"రాల్లు. నీ నెత్తినెయ్యడానికి."

"మా సిన్నదానికి నెలలు నిండినాయి. పురుడికి రమ్మని మీ అమ్మకి సెప్పు."

"సెప్తాను గాని, ముందు ఆ సాప ఇచ్చీ. తీసుకెల్లి మూన్నెల్లయినాది."

ఆటోలో కూర్చుని త్రినాథ్ హారన్ కొడుతున్నాడు. ఎవరూ తిరిగి చూడలేదు. అతనే ఇంజను ఆపి, దిగి, వచ్చి కబుర్లలో కలిశాడు.

సుహాసిని టేపు పట్టుకుని నిలబడిపోయింది. "ఎందుకాగారండీ?"

"ఎవులాగినారు?" అంది దాలమ్మ.

"మీరే. గంప దించారు."

దాలమ్మ గంప వైపు చూసింది. గంగులు వైపు చూసింది. అతని మోపు వైపు చూసింది. "ఓలమ్మో" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. "నానాగినేదమ్మా. దించినానంతే. ఒరే గంగులూ, నువ్వెందుకాగినావు?"

"నువ్వాగినావని."

"నానెప్పుడాగినాను?"

"మరి దిమ్మొచ్చినాది కద!" అన్నాడు గంగులు. అనేసి, కింద ఉత్తి నేలా, మీద ముగ్గూ చూసి నాలిక కరుచుకున్నాడు. ఎవరో నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు వంతెన ఈ కొస నుంచి ఆ కొసకి పాకింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఒకావిడ నవ్వు ఆపుకోలేక చేపల మీదికి వెళ్ళి మునిగిపోయింది.

రూబీ కొసన నిలబడి ఇంకోసారి ఈల ఊదింది. జనం కదల్లేదు. సర్ది పంపించడానికి తనే నడిచింది. గుంపు పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. నడుమకి వచ్చేసరికి ఆమె చూసింది.

ఇంత తొక్కిసలాటలో ఎగువ వైపు అంచున ఒక మనిషి కూర్చునేంత మేర ఖాళీగా ఉంది. గంపా లేదు, బిందే లేదు, మనిషీ లేడు. దానికి అటు హార్మోనియం ఉంది, ఇటు గడ్డిమోపు ఉంది. వెంకటలక్ష్మి నిలబడడానికి చోటు చాలక ఒంటికాలి మీద ఉందిగాని అందులోకి జరగలేదు. పక్కన ఒక సైకిలు పట్టేంత జాగా కూడా వదిలేశారు.

ఎవరూ అనుకుని వదిలింది కాదు. వాళ్ళ వంక చూస్తే తెలుస్తూనే ఉంది. చాప గురించి, పురుడు గురించి మాట్లాడుకుంటున్నారు. ఇన్నేళ్ళూ అక్కడ పోస్టుబాబు కూర్చునేవాడు, అందుకని అక్కడ నిలబడరు. అంతే.

రూబీకి భుజం తేలికగా తోచింది. చూసుకుంటే సంచి ఆమె చేతిలో ఉంది. ఎప్పుడు దించిందో తెలియదు.

దాలమ్మ ఆమె ముఖం చూసింది. ఆమె చూస్తున్న వైపు చూసింది. కాసేపటికి ఆవిడకీ ఆ ఖాళీ కనబడింది. పక్కవాళ్ళని మోచేత్తో పొడిచి ఇంకొంచెం వెనక్కి జరిపింది.

"కూకో టీచరమ్మా" అంది. "ఎంతసేపని నిలబడతావు?"

రూబీ ముగ్గు గీత చెరగకుండా చీర సర్దుకుని, ఎగువ వైపు అంచున కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. ముందున్నవి ముగ్గుతో వేసిన చేపలు. ఒకదానికి కన్ను పెట్టడం మరిచిపోయారు. వెనకాల రెండూళ్ళ మాటలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. గడిచిన ఏడాదిగా ఈ చప్పుడు తనకి వినపడనే లేదని ఆమెకి తోచింది. వంగి ఆ చేపకి వేలితో కన్ను పెట్టింది.

సుహాసిని వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. "దిమ్మంటే ఏంటి మేడమ్?"

రూబీ చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు మాటలయ్యేసరికి దాలమ్మ అందుకుంది, ఆవిడ నుంచి గంగులు అందుకున్నాడు. ఎత్తు ఎంతో చూపించడానికి నలుగురు నాలుగు రకాలుగా నడుముల మీద చేతులు పెట్టుకున్నారు. సుహాసిని టేపు విప్పి నలుగురి నడుములూ కొలిచింది.

"మధ్య స్తంభం దగ్గర అటూ ఇటూ వెడల్పు పెంచొచ్చు" అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "స్తంభం ఎలాగూ అక్కడ ఉంటుంది. కష్టమేమీ కాదు. కాని నన్ను మూడింట్లో ఏదో ఒకటి తెమ్మన్నారు."

ఆదివారం చర్చి ముగిశాక రేవుపేట వాళ్ళు తెల్లబట్టలతోనే, చెప్పులు చేత పట్టుకుని ఏరు దాటారు. వరండాలో మూడు కుండలు వరసగా పెట్టి ఉన్నాయి, వెనక గోడకి బొమ్మలు. గుమ్మం దగ్గర రూబీ మనిషికొక పిక్క ఇస్తోంది.

దాలమ్మ ఆలస్యంగా వచ్చింది. నెత్తి మీద ఇంకో కుండ ఉంది, చేతిలో ఎత్తు పీట ఉంది. మూడు కుండల పక్కన పీట వేసి, దాని మీద నాలుగో కుండ పెట్టింది. కుండ మూతి సరిగ్గా ఆవిడ నడుం దగ్గరికి వచ్చింది. వెనక గోడకి బొమ్మ లేదు.

"ఇదేటి?" అన్నాడు ధనరాజు.

"దిమ్మ."

"మూడే అన్నారు గవుర్మెంటోల్లు."

"మూడూ ఉన్నాయి కద బావూ, తియ్యినేదు. ఎయ్యాలనున్నోల్లు ఎయ్యండి. వంగి."

సుహాసిని టీచరు వైపు చూసింది. ప్రెసిడెంటూ టీచరు వైపే చూశాడు. రూబీ చేతిలో పిక్కల బుట్ట పట్టుకుని నిలబడింది. నాలుగో కుండ తీసెయ్యమనడం ఆమె పని. అందరూ ఆగారు.

"వరసలో రండి" అంది రూబీ. "తోసుకోకండి."

మొదటి పిక్క ధనరాజుది. విల్లు వంతెన కుండ ముందు వంగి, అందరికీ కనబడేలా వేశాడు. తరవాత దాలమ్మ. పీట మీది కుండలో పిక్క పడి ఠంగుమంది. ఆ తరవాత వచ్చినవాళ్ళందరూ అక్కడే ఆగారు. గంగులు, వెంకటలక్ష్మి, బిందెల మనిషి, ఎడ్లబండాయన. ఠంగుమనడం పోయి పిక్క మీద పిక్క పడే చప్పుడు వచ్చింది. కింద కుండల్లో అక్కడొకటీ ఇక్కడొకటీ పడ్డాయి. ముసలాయన ఒకాయన వంగలేక పైదానిలో వేస్తున్నానని చెప్పి మరీ వేశాడు.

ధనరాజు కాసేపు చూశాడు. గోడ మీద రంగు లైట్ల వైపు చూశాడు. "మరి నా లైట్లు?" అన్నాడు, చిన్నబోయిన గొంతుతో.

"దిమ్మకి అటొకటీ ఇటొకటీ ఎట్టిస్తాంలే పెసిడెంటుబావూ" అన్నాడు గంగులు. "రంగులయ్యే. ఫొటోలోల్లు కూకుంతారు."

ధనరాజు ఆలోచించాడు. కింది కుండలో చెయ్యి పెట్టి తన పిక్క కోసం వెతికాడు. దొరికింది, చెయ్యి మాత్రం రాలేదు. పిడికిలి విప్పితే చెయ్యి వస్తుంది. విప్పడానికి ఆయన ఒప్పుకోలేదు. కుండ తగిలించుకున్న చేత్తోనే లేచి నిలబడ్డాడు. వరండా, గ్రౌండు, గేటు దాకా ఉన్న జనం ఒక్కసారిగా నవ్వారు. చివరికి దాలమ్మే కొబ్బరినూనె తెప్పించింది. చెయ్యి బయటికి వచ్చింది, చేతిలో పిక్క ఉంది. ఆయన ఆ నూనె పిక్కని పైకుండలో వేసి, చప్పట్లు కొట్టినవాళ్ళకి నమస్కారం పెట్టాడు.

అందరూ అయ్యాక బుట్ట అడుగున ఒక పిక్క మిగిలింది.

"నీది టీచరమ్మా" అంది దాలమ్మ.

"నేను జరిపించేదాన్ని కదప్పా."

"నువ్వు దాటవా?"

రూబీ పిక్క తీసుకుంది. పీట దగ్గరికి నడిచింది. కుండ మూతి ఆమె నడుం దగ్గరికి కూడా సరిగ్గా వచ్చింది. వంగక్కర్లేదు. వేసింది.

సుహాసిని, వెడల్పు పెంచడానికి ఇదే సులువని, మొదటి బొమ్మని గోడ నుంచి విప్పి బల్ల మీద పరిచింది. పెన్సిలు తీసి, నడుమ స్తంభం దగ్గర వంతెనని అటూ ఇటూ ఉబ్బెత్తు చేసింది. జనం ఆమె మీద పడి చూస్తున్నారు. దిమ్మ గీసింది. లైట్లు గీసింది, ధనరాజు అవి ఇంకొంచెం పెద్దవిగా ఉండాలన్నాడు.

"ఆ కుక్కోడి నెత్తి మీద ఒక గంప ఎట్టు" అంది దాలమ్మ.

సుహాసిని గంప పెట్టింది. కుక్కని ఉండనిచ్చింది.

"ఇంకేమైనా ఉందా?" అని తలెత్తి అడిగింది.

అందరూ చాలన్నారు. రూబీ బల్ల మీదికి వంగింది. బొమ్మ మీద ఎగువ వైపు అంచున వేలు పెట్టింది. ఈసారి తియ్యలేదు.

"ఈ దిమ్మ ఎత్తు కొంచెం చూసుకోండి" అంది. "సైకిలు ఆనించేలా ఉండాలి."

సుహాసిని ఎందుకని అడగలేదు. ఆ పక్కన చిన్నగా సైకిలు గీసింది. కేరేజి కూడా గీసింది.

సాయంత్రం రూబీ ఏరు దాటుతుంటే దాలమ్మ కూతురింటికని కూడా వచ్చింది. ఏటి నడుమకి వచ్చాక ఇద్దరూ మోకాలి లోతు నీళ్ళలో ఆగారు. కింద ఇసక కదులుతోంది. దాలమ్మ చెయ్యి చాపింది. రూబీ అనుకోకుండానే సంచి ఇచ్చేసింది. దాలమ్మ దాన్ని చంకనున్న తన గంపలో పెట్టుకుని, గంప ఎత్తమని సైగ చేసింది. రూబీ ఎత్తి నెత్తిన పెట్టింది.

"ఏటున్నాయే ఇందులో? పుస్తకాలా రాల్లా?" అంది దాలమ్మ. గట్టు వచ్చేదాకా తిడుతూనే ఉంది, రూబీ నవ్వుతూనే ఉంది.

పెన్సిలు గీతలున్న ఆ బొమ్మ పై ఆఫీసుకి వెళ్ళింది. ఒప్పుకుంటున్నామని గాని, లేదని గాని ఇంకా కబురు రాలేదు. గ్రౌండులో ముగ్గు చెరిగిపోయింది. మొన్న ఆదివారం మళ్ళీ వేశారు. దిమ్మ మీద నీడకి రేకులు వెయ్యాలని నేరేడువలసా, పెంకులు వెయ్యాలని రేవుపేటా అంటున్నాయి, అది తేలలేదు. ఏట్లో ఒక్క స్తంభం కూడా ఇంకా లేవలేదు.